ఎవరికి ఏం చెప్పకూడదు: ఎంఎంఓ సర్వర్ చేసే అసలు పని

సంతలో వందమంది ఉన్నారనుకోండి. ఒక్కొక్కరు ఒక్క అడుగు వేశారు. ఆ సంగతి మిగతా తొంభై తొమ్మిది మందికీ తెలియాలంటే మొత్తం 9,900 కబుర్లు పంపాలి. అదే సంతలో వెయ్యిమంది ఉంటే 9,99,000 పంపాలి. జనం పదింతలైతే కబుర్లు వందింతలవుతాయన్నమాట. మాసివ్లీ మల్టీప్లేయర్ ఆన్‌లైన్ గేమ్, పొట్టిగా ఎంఎంఓ, అనే ఆటల చరిత్రంతా ఈ ఒక్క లెక్కతో కుస్తీయే. డ్రాగన్లూ కత్తులూ కథలూ ఆ తర్వాతే.

మన దగ్గర ఆన్‌లైన్ గేమ్ అంటే ముందు గుర్తొచ్చేది బీజీఎంఐ (బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా). అది ఎంఎంఓ కాదు. మామూలు మ్యాచ్‌లో వందమందే ఉంటారు, అరగంటకి అటూఇటూగా మ్యాచ్ ముగిశాక వాళ్లు పోరాడిన దీవి చెరిగిపోతుంది. ఎంఎంఓలో మీరు కంప్యూటర్ కట్టేసి పడుకున్నా లోకం నడుస్తూనే ఉంటుంది. మార్కెట్లో ధరలు మారతాయి, మీ గిల్డ్ (ఆటగాళ్ల జట్టు) కోట పోతుంది, మీరు అమ్మకానికి పెట్టిన కత్తి ఎవరో కొనుక్కుపోతారు. చెరగని లోకం, అందులో ఒకేసారి వేలమంది. ఈ రెండూ కలిస్తేనే ఎంఎంఓ.

మళ్లీ లెక్కకి వద్దాం. ఒక్కో కబురు 50 బైట్లు, సెకనుకు పది కబుర్లు అనుకుంటే, ఒక మనిషిని తెరమీద చూపించడానికి సెకనుకు 500 బైట్లు కావాలి. 1999లో ఇళ్లలో ఉన్నది 56 కిలోబిట్ల డయలప్ మోడెమ్. పూర్తి వేగం అందినా సెకనుకు 7,000 బైట్లే. అంటే పద్నాలుగు మంది కనబడేసరికి లైను నిండిపోతుంది. అయినా అదే ఏడాది మార్చిలో వచ్చిన ఎవర్‌క్వెస్ట్ ఒక్కో సర్వర్‌లో వెయ్యికి పైగా జనాన్ని ఆడించింది. అందరికీ అన్నీ చెప్పకపోవడమే దాని కిటుకు. ఎంఎంఓ సర్వర్ తెలివంతా ఎవరికి ఏం చెప్పాలో తేల్చడంలో లేదు, ఏం చెప్పకుండా వదిలేయవచ్చో తేల్చడంలో ఉంది.

లోకాన్ని ఎక్కడ కోయాలి?

మొదట్లో ఈ బాధ పెద్దగా లేదు. 1978లో ఇంగ్లండ్‌లోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో రాయ్ ట్రబ్‌షా పీడీపీ-10 కంప్యూటర్ మీద మడ్ అనే ఆట రాయడం మొదలుపెట్టాడు. తర్వాత రిచర్డ్ బార్టిల్ దాన్ని అందుకుని ముందుకు నడిపించాడు. బొమ్మల్లేవు, అన్నీ అక్షరాలే. లోకమంతా గదులుగా ఉండేది, మీరున్న గదిలో జరిగేదే మీకు కనిపించేది. గది గోడే కోత. బొమ్మలొచ్చి, మైదానాలొచ్చి, కనుచూపు మేర అంతా కనబడాలని జనం కోరుకున్నప్పుడే చిక్కు మొదలైంది.

1997 సెప్టెంబర్‌లో వచ్చిన అల్టిమా ఆన్‌లైన్ లోకాన్నే నకళ్లు తీసింది. ఒకే మ్యాప్‌కు ఎన్నో ప్రతులు, ఒక్కో ప్రతి ఒక్కో సర్వర్ గుంపు మీద. దీనికి కథలోనే సాకు దొరికింది. పాత అల్టిమా ఆటల్లోని మాంత్రికుడి మణి పగిలిందనీ, ఒక్కో పెంకులో ఒక్కో లోకం చిక్కుకుందనీ చెప్పారు. ఆ పెంకుల పేరే షార్డ్. ఇప్పుడు డేటాబేస్‌ను ముక్కలు చేయడాన్ని కూడా షార్డింగ్ అనే అంటున్నారు. ఆ మాట ఈ ఆటలోంచే వెళ్లిందా అన్నది ఇంజినీర్ల మధ్య ఇంకా తెగని వాదం. నకళ్లతో వచ్చే నష్టం మాత్రం తెలిసిందే: మీ స్నేహితుడు వేరే షార్డ్‌లో పాత్రను పెంచుకుంటే ఇద్దరూ ఒకే ఆట ఆడుతున్నా ఎప్పటికీ కలవరు.

ఎవర్‌క్వెస్ట్ నకలు తీసిన లోకాన్ని మళ్లీ అడ్డంగా కోసింది. అడవి ఒక జోన్, ఊరు ఇంకో జోన్, ఒక్కోదానికి వేరే ప్రాసెస్, అంటే సర్వర్‌లో విడిగా నడిచే ప్రోగ్రామ్. సరిహద్దు దాటితే తెర ఆగిపోయి లోడింగ్ కనిపిస్తుంది. ఆ కాసేపట్లో పాత జోన్ మీ పాత్రను భద్రపరిచి, కొత్త జోన్‌కు అప్పగిస్తుంది. దీనివల్ల ఇంకో పేచీ పుట్టింది. జోన్‌లో ఉన్న పెద్ద రాక్షసుడు ఒక్కడే, వాణ్ని చంపాలనుకునే గిల్డులు పది. జనం వరసలు కట్టి, వంతులేసుకుని, తిట్టుకునేవారు. దీనికి మందుగా 2001లో అనార్కీ ఆన్‌లైన్ ఇన్‌స్టెన్స్ పద్ధతి తెచ్చింది. మీ గుంపు గుహలోకి అడుగుపెట్టగానే సర్వర్ మీ కోసమే ఆ గుహకు ఒక నకలు సృష్టిస్తుంది, మీరు బయటికొచ్చాక చెరిపేస్తుంది. 2004 నవంబర్‌లో వచ్చిన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ ఖండాలను లోడింగ్ లేకుండా ఏకంగా ఉంచి, పెద్ద గుహలను ఇన్‌స్టెన్స్‌లుగా మార్చింది. 2010లో చందాదారులు 1.2 కోట్లకు చేరిన ఆ ఆట విజయంలో ఈ సర్దుబాటుకు పెద్ద వాటానే ఉంది.

గోడ కట్టాక దానికి చిల్లు లేకుండా చూసుకోవాలి. 2005 సెప్టెంబర్‌లో వార్‌క్రాఫ్ట్‌లో జుల్‌గురుబ్ అనే ఇన్‌స్టెన్స్ తెరిచారు. అందులోని హక్కర్ అనే బాస్ (పెద్ద రాక్షసుడు) ఆటగాళ్లకు ఒక అంటు శాపం పెట్టేవాడు. పక్కనున్నవాళ్లకు అంటుకుంటూ రక్తం పీల్చేసే శాపం అది. గుహ దాటితే పాత్ర మీంచి తొలగిపోవాలన్నది రాసుకున్న నియమం. కానీ వేటగాళ్ల పెంపుడు జంతువులను ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. శాపం తగిలిన జంతువును లోపల పక్కన పెట్టేసి, ఊళ్లోకి వచ్చి మళ్లీ పిలిస్తే అది శాపంతో సహా వచ్చేది. రద్దీ ఊళ్లలో తక్కువ లెవెల్ వాళ్లు క్షణాల్లో చచ్చిపడ్డారు. ఊళ్లోని దుకాణదారుల పాత్రలు చావకుండా రోగాన్ని మోస్తూ ఉండిపోయాయి. చివరికి సర్వర్లు రీసెట్ చేయాల్సి వచ్చింది. అసలు మహమ్మారుల్లో జనం ఎలా ప్రవర్తిస్తారో దీన్నిబట్టి చూడవచ్చని 2007లో లాన్సెట్ వారి అంటువ్యాధుల పత్రికలో పరిశోధకులు వ్యాసం కూడా రాశారు.

ఒకే జోన్ లోపల కూడా కోత తప్పదు. నేలను 100 మీటర్ల గళ్లుగా విడగొట్టి, మీరున్న గడి, దాని చుట్టూ ఉన్న ఎనిమిది గళ్ల సంగతులే మీకు పంపడం మామూలు పద్ధతి. దగ్గరివాళ్ల గురించి సెకనుకు పది కబుర్లు, దూరంవాళ్ల గురించి ఒకటి రెండు చాలు. మొదటిసారి రాసేవాళ్లు ఇక్కడ ఒక తప్పు చేస్తారు. కనబడటానికీ మాయమవడానికీ ఒకే హద్దు పెడతారు. ఆ గీత మీద అటూఇటూ తచ్చాడే మనిషి మినుకుమినుకుమంటాడు. పైగా, వచ్చిన ప్రతిసారీ అతని బట్టలు, ఆయుధాలు, పేరు అన్నీ మొదటినుంచి పంపాలి. 60 మీటర్ల లోపలికి వస్తే చూపించి, 75 మీటర్లు దాటితేనే తీసేస్తే ఈ గొడవ ఉండదు.

కబురును కుదించడం మరో పని. స్థానాన్ని మామూలుగా మూడు 32 బిట్ల సంఖ్యల్లో పెడితే 12 బైట్లు. జోన్ వెడల్పు కిలోమీటరే అయితే ఒక్కో దిశకు 16 బిట్లు చాలు. 65,536 మెట్లు అంటే ఒక్కో మెట్టు సెంటీమీటరున్నర, అంతకన్నా సన్నంగా ఎవరి కంటికీ ఆనదు. ఎటు చూస్తున్నాడన్నది ఒక్క బైటులో సరిపోతుంది. అలా మొత్తం ఏడు బైట్లలో పని అయిపోతుంది. అయితే నెట్‌లో కబుర్లు పంపే యూడీపీ అనే పద్ధతిలో ఒక్కో ప్యాకెట్‌కు చిరునామా ఖర్చే 28 బైట్లు, కాబట్టి ఏడు బైట్లను విడిగా పంపడం కవరు ఖర్చు ఉత్తరాన్ని మింగేసినట్టే. ఇరవై ముప్ఫై మంది కబుర్లను ఒకే కవరులో పెట్టి పంపాలి.

కాలాన్ని కోసిన ఆట

ఐస్‌లాండ్ నుంచి 2003లో వచ్చిన ఈవ్ ఆన్‌లైన్ షార్డుల దారి పట్టలేదు. దాదాపు అందరూ ట్రాంక్విలిటీ అనే ఒకే లోకంలో ఉంటారు. లోకం వేల నక్షత్ర మండలాలుగా ఉంటుంది, ఒక్కో మండలం పని ఒక్కో ప్రాసెస్ చూసుకుంటుంది. జనం పలచగా ఉంటే ఒకే ప్రాసెస్ చాలా మండలాలను మోస్తుంది. జీతా అనే వ్యాపార కేంద్రానికి మాత్రం ప్రత్యేకంగా యంత్రం కేటాయిస్తారు. సమస్యల్లా రెండు వేల నౌకలు ఉన్నట్టుండి ఒకే మండలంలో యుద్ధానికి దిగితేనే. నడుస్తున్న మండలాన్ని కోయలేరు, నకలూ తీయలేరు.

అందుకే వాళ్లు గడియారాన్ని నెమ్మదిస్తారు. టైమ్ డైలేషన్ అనే ఈ పద్ధతిలో సర్వర్‌కు భారం పెరిగేకొద్దీ ఆ మండలంలో కాలం నెమ్మదించి, మామూలు వేగంలో పదోవంతు దాకా పడిపోతుంది. పది సెకన్లలో పేలాల్సిన ఫిరంగి వంద సెకన్లకు పేలుతుంది. విసుగే, కానీ అందరికీ సమానమైన విసుగు. ఎవరి ఆజ్ఞా దారి తప్పిపోకూడదన్నదే ఉద్దేశం. 2014 జనవరి 27న బీ-ఆర్5ఆర్‌బీ మండలంలో మొదలైన యుద్ధం 21 గంటలు సాగింది. 7,548 మంది పాల్గొన్నారు, ఒక దశలో 2,670 మంది ఒకేసారి అక్కడ ఉన్నారు, ఆటలోకెల్లా పెద్దవైన టైటన్ నౌకలు 75 ధ్వంసమయ్యాయి. ఇంతటి యుద్ధానికి కారణం, ఆ మండలం మీద హక్కు నిలుపుకోవడానికి కట్టాల్సిన సొమ్ము సమయానికి జమ కాకపోవడం.

పింగ్‌ను మరిపించే మూడు ఉపాయాలు

ఫైబర్‌లో కాంతి మిల్లీసెకనుకు సుమారు 200 కిలోమీటర్లు వెళ్తుంది. హైదరాబాద్ నుంచి సింగపూర్ గీత గీసినట్టు కొలిస్తే 3,300 కిలోమీటర్ల దరిదాపు, అంటే వెళ్లి రావడానికి కనీసం 33 మిల్లీసెకన్లు. కేబుల్ గీత గీసినట్టు ఉండదు, మధ్యలో రౌటర్లుంటాయి, కాబట్టి అసలు పింగ్, అంటే కబురు వెళ్లి రావడానికి నిజంగా పట్టే సమయం, దానికి దాదాపు రెట్టింపు. అమెరికా తూర్పు తీరంలోని సర్వర్‌కైతే సిద్ధాంతంలోనే 130, ఆచరణలో 200 పైమాటే. 300 ఎంబీపీఎస్ ప్లాన్‌కు మారితే ల్యాగ్ పోతుందని ఆశపడేవాళ్లు గమనించాల్సింది ఇదే: ప్లాన్ పెంచితే గొట్టం వెడల్పవుతుంది, దూరం తగ్గదు. వైఫై వదిలి లాన్ కేబుల్ పెట్టుకోవడం, దగ్గరి సర్వర్ రీజియన్ ఎంచుకోవడం నయం.

మిగిలిన ఆలస్యాన్ని ఆటే కప్పిపుచ్చాలి. మీరు ముందుకు నొక్కగానే మీ కంప్యూటర్ సర్వర్ జవాబు కోసం ఆగకుండా మీ పాత్రను నడిపించేస్తుంది. సర్వర్ తర్వాత ఒప్పుకుంటే సరే, లేదంటే మిమ్మల్ని వెనక్కి లాగేస్తుంది. ల్యాగ్‌లో నడుస్తూ నడుస్తూ గభాలున పాత చోట తేలడం దీనివల్లే. రెండో ఉపాయం ఎదుటివాళ్లకు సంబంధించింది. వాళ్లను మీకు ఒకటి రెండు వందల మిల్లీసెకన్ల పాతబడ్డ స్థితిలో చూపిస్తారు. అప్పుడు చేతిలో రెండు కబుర్లు ఉంటాయి కాబట్టి వాటి మధ్య దారిని నున్నగా గీయవచ్చు. అంటే తెరమీద మీరు వర్తమానంలో ఉంటారు, మిగతావాళ్లంతా రవ్వంత గతంలో.

నా దృష్టిలో అన్నిటికన్నా తెలివైనది మూడోది, ఎందుకంటే అది నెట్‌వర్క్ ఇంజినీర్లది కాదు, ఆట రూపొందించేవాళ్లది. వార్‌క్రాఫ్ట్‌లో ఒక మంత్రం వేశాక ఇంకోటి వేయడానికి మామూలుగా ఒకటిన్నర సెకను ఆగాలి. ఫైనల్ ఫాంటసీ 14లో రెండున్నర. రూన్‌స్కేప్ లోకమంతా 0.6 సెకన్లకు ఒక టిక్ చొప్పున నడుస్తుంది. గురి చూసి కొట్టడానికి బదులు లక్ష్యాన్ని ఎంచుకుని మీట నొక్కడం, నొక్కాక చేతులు ఊపే యానిమేషన్, ఇవన్నీ ఆట తీరులా కనిపిస్తాయి. నిజానికి 200 మిల్లీసెకన్ల ఆలస్యాన్ని ఆ ఒకటిన్నర సెకనులో దాచేశారు. వార్‌క్రాఫ్ట్ టీసీపీ (ప్యాకెట్లను వరస తప్పకుండా చేర్చే పద్ధతి) మీద నడిచి కూడా నెట్టుకొచ్చిందంటే ఇదే కారణం. టీసీపీలో ఏడో ప్యాకెట్ పోతే ఎనిమిది, తొమ్మిది చేతికందినా ఏడోది మళ్లీ వచ్చేదాకా ఆగాల్సిందే. క్షణక్షణం కాల్పులుండే ఆటలో అది ప్రాణం తీస్తుంది, ఇక్కడ పెద్దగా తెలియదు.

ఆటగాడి మాట నమ్మరాదు

ఆటగాడి దగ్గరున్న ప్రోగ్రామ్ శత్రువు చేతిలో ఉన్నట్టే లెక్క. అందుకే అది ‘కొట్టాను, 500 దెబ్బ’ అని చెప్పకూడదు, ‘కొట్టే మీట నొక్కాను’ అని మాత్రమే చెప్పాలి. దూరం సరిపోయిందా, మధ్యలో గోడ ఉందా, పాచిక ఎంత పడింది అన్నవి సర్వర్ తేల్చాలి. నడక వేగం సెకనుకు ఏడు మీటర్లయితే అంతకు మించి కదిలినవాణ్ని పట్టుకోవాలి. మరీ బిగించకూడదు కూడా. నెట్ ఆగి ఆగి వచ్చేవాళ్ల కబుర్లు గుంపుగా చేరతాయి, అప్పుడు నిజాయితీపరుడే దొంగలా కనిపిస్తాడు. ఒక్కో కబురును కాక కొన్ని సెకన్ల సగటును చూసి, పది ఇరవై శాతం ఎడం ఇవ్వాలి.

అనవసరంగా చెప్పడం ఇక్కడ మరోలా కొంప ముంచుతుంది. ఎవర్‌క్వెస్ట్ సర్వర్ జోన్‌లో ఉన్న జీవాల సమాచారాన్ని అవి కంటికి కనబడకపోయినా ప్రతి ఆటగాడికీ పంపేది. షోఈక్యూ అనే ప్రోగ్రామ్‌ను పక్కనే లినక్స్ యంత్రంలో పెట్టి ఆ ప్యాకెట్లు చదివినవాళ్లకు జోన్ మొత్తం మ్యాప్ మీద చుక్కల్లా కనిపించేది. ఆటను వాళ్లు ముట్టుకోనే లేదు, సర్వర్ చెప్పిందే విన్నారు.

రెండు కత్తులైన ఒక్క కత్తి

కదలికలు పోతే పోయాయి. ఆస్తి పోతే ఆటగాడు ఊరుకోడు. పాత్ర వివరాలు ఆడుతున్నంతసేపూ సర్వర్ మెమరీలో ఉంటాయి, కొన్ని నిమిషాలకోసారి డేటాబేస్‌లో రాస్తారు. ప్రతి మార్పునూ వెంటనే రాస్తే డేటాబేస్ మోయలేదు. ఈ ఎడంలోనే డూప్, అంటే వస్తువుకు దొంగ నకలు, పుడుతుంది. రాము కత్తిని సోముకిచ్చాడు. సోము వివరాలు డేటాబేస్‌లోకి ఎక్కాయి, రాము వంతు రాకముందే సర్వర్ కూలింది. మళ్లీ లేచాక రాము పాత పద్దు ప్రకారం కత్తి అతని దగ్గరే ఉంది, సోము కొత్త పద్దు ప్రకారం అతని దగ్గరా ఉంది. ఈ కిటుకు తెలిసినవాళ్లు సర్వర్‌ను కావాలనే కూలదోయడానికి చూస్తారు. జోన్ సరిహద్దు దాటుతున్నప్పుడు పాత్ర రెండు ప్రాసెస్‌ల మధ్య ఉంటుంది కాబట్టి అక్కడా ఇదే ప్రమాదం.

విరుగుడు బ్యాంకుల దగ్గర ఎప్పటినుంచో ఉంది. ఇద్దరి పద్దులూ ఒకే లావాదేవీగా మారాలి, మారితే రెండూ లేదంటే ఏదీ వద్దు. విలువైన ప్రతి వస్తువుకూ ఒక ప్రత్యేక సంఖ్య ఇచ్చి, ఒకే సంఖ్య రెండు చోట్ల కనబడితే గంట మోగేలా చేయాలి. ఇరవై ఏళ్ల అనుభవం ఉన్నా ఈ పొరపాటు తప్పడం లేదు. 2021 సెప్టెంబర్‌లో అమెజాన్ విడుదల చేసిన న్యూ వరల్డ్‌లో డూప్‌లు బయటపడి, ఆటగాళ్ల మధ్య సొమ్ము చేతులు మారే మార్గాలన్నిటినీ కొంతకాలం మూసేయాల్సి వచ్చింది. దానికి ముందే ఒక్కో సర్వర్‌కు రెండు వేల మందే పట్టడం, వచ్చినవాళ్లు లక్షల్లో ఉండటంతో తొలిరోజుల్లో జనం గంటల తరబడి క్యూల్లో ఉండిపోయారు.

డూప్ లేకపోయినా డబ్బు పొంగుతుంది. చంపిన ప్రతి రాక్షసుడూ గాల్లోంచి బంగారం రాలుస్తాడు, అది కుళాయి. మరమ్మతు ఖర్చు, మార్కెట్ రుసుము, గుర్రం ధర వంటివి తూములు. వేలమంది పగలూరాత్రీ కుళాయి తిప్పుతుంటే తూము చాలదు, ధరలు ఆకాశానికెక్కుతాయి. కొత్తగా వచ్చినవాడికి కత్తి కూడా అందదు. ఎడ్వర్డ్ కాస్ట్రోనోవా అనే ఆర్థికవేత్త 2001లో ఎవర్‌క్వెస్ట్ వస్తువులు బయట డాలర్లకు అమ్ముడుపోయే రేట్లను పట్టి లెక్కవేస్తే, ఆ లోకపు తలసరి ఉత్పత్తి 2,266 డాలర్లు తేలింది. అప్పటి రష్యాకూ బల్గేరియాకూ మధ్య ఎక్కడో ఉన్న దేశమన్నమాట.

డాలర్ రేటు పుట్టగానే ఆటబంగారం తవ్వి అమ్మేవాళ్లు పుడతారు, వాళ్ల వెంట దొంగ క్రెడిట్ కార్డులొస్తాయి. రూన్‌స్కేప్ దీనికి చేసిన శస్త్రచికిత్స అన్నిటికన్నా మొరటుది. 2007 డిసెంబర్‌లో విలువలో పెద్ద తేడా ఉన్న మార్పిడినే నిషేధించింది. స్నేహితుడికి ఊరికే ఒక విలువైన వస్తువు ఇవ్వడం కూడా కుదరకుండా పోయింది. బంగారం వ్యాపారులతో పాటు మామూలు ఆటగాళ్లూ లేచిపోయారు. 2011 ఫిబ్రవరిలో ఆ నిషేధం ఎత్తేశారు. మిగతా కంపెనీలు ఇంకో దారి పట్టాయి. ఈవ్ 2008లో, వార్‌క్రాఫ్ట్ 2015లో, అసలు డబ్బుతో కొని ఆటసొమ్ముకు అమ్ముకోగల చందా టోకెన్లను తామే పెట్టాయి. బంగారం తవ్వే ఓపిక ఉన్నవాడు చందా కట్టకుండా ఆడతాడు, డబ్బున్నవాడు బంగారం కొంటాడు, దళారీ నోట్లో మట్టి పడుతుంది. పూర్తిగా కాదులెండి, బాట్లు (మనిషి లేకుండా ఆడే ప్రోగ్రామ్‌లు) ఇంకా ఉన్నాయి.

ఆపేస్తే ఏం మిగులుతుంది

ఇంత చేశాక, ఈ ఆటలను కంపెనీ ఆపేస్తే ఆటగాడి దగ్గర మిగిలేది చాలా తక్కువ. చెట్ల బొమ్మలు, కత్తుల చప్పుళ్లు, మ్యాపులు అతని కంప్యూటర్‌లోనే ఉంటాయి. ఏ రాక్షసుడు ఎక్కడ పుడతాడు, ఏం రాలుస్తాడు, ఎవరి దగ్గర ఏముంది అన్నవి ఏనాడూ అతనికి చెప్పలేదు. స్టార్ వార్స్ గెలాక్సీస్ 2011 డిసెంబర్‌లో, సిటీ ఆఫ్ హీరోస్ 2012 నవంబర్‌లో మూతపడ్డాయి. అభిమానులు వాటిని మళ్లీ నిలబెట్టడానికి సర్వర్ వైపు నియమాలను ఏళ్ల తరబడి తిరిగి రాసుకోవాల్సి వచ్చింది, లేదా అసలు కోడ్ ఏదో దారిలో చేతికి చిక్కాల్సి వచ్చింది.

రూన్‌స్కేప్‌కు అదృష్టం కలిసొచ్చింది. ఆట మారిపోయిందని పాతవాళ్లు మొత్తుకుంటుంటే, కంపెనీ దగ్గర 2007 ఆగస్టు నాటి బ్యాకప్ ఒకటి ఉందని తేలింది. దాన్నే 2013 ఫిబ్రవరిలో ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్ పేరుతో తెరిచారు. లోకం మునుపటిలాగే తిరిగొచ్చింది, పాత్రలు రాలేదు. పాత రోజుల్లో ఎంతటివాడైనా మళ్లీ ఆటలో అన్నిటికన్నా కిందిదైన లెవెల్ 3తో దిగి, రొయ్యలు పట్టడం దగ్గర మొదలుపెట్టాడు.